నెలలు నిండని బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉన్నప్పుడు: అమ్మానాన్నల మనసు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాప 29వ వారంలో పుట్టింది, 53 రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఇంటెన్సివ్ కేర్ వార్డులో ఉంది. ఆ రోజుల్లో పాప గురించి ఏం అడగాలన్నా డాక్టర్లు ఉన్నారు, సిస్టర్లు ఉన్నారు. నాకేమవుతోందో మాత్రం ఎవరినడగాలో తెలియలేదు, అసలు అడగొచ్చని కూడా తట్టలేదు. ఆ తర్వాత నుంచీ అలాంటి వార్డుల బయట కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులతో మాట్లాడుతూ వస్తున్నాను. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవీ, నోటిదాకా వచ్చి మింగేసేవీ ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను, ఈ దారిలో నడిచిన తల్లిని. మందుల విషయంలో, బిడ్డ పరిస్థితి విషయంలో మీ డాక్టరు చెప్పిందే వినండి.

బిడ్డను మొదటిసారి చూసినప్పుడు ప్రేమ పొంగలేదు, భయం వేసింది. నాలో ఏదైనా లోపం ఉందా?

లేదు. ఇది చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు, అందుకే మొదట పెట్టాను. మీరు తొమ్మిది నెలలు ఊహించుకుందామనుకున్న బిడ్డ వేరు, ఆ గాజు పెట్టెలో కనిపించిన బిడ్డ వేరు. పిడికెడంత ఒళ్లు, కింద నరాలు కనిపించేంత పల్చటి చర్మం, ముక్కులో గొట్టం, బొడ్డులో గొట్టం, ఒంటి మీద తీగలు. అది చూసి కాళ్లు వణక్కపోతేనే ఆశ్చర్యం. పైగా లోలోపల ఒక లెక్క నడుస్తుంటుంది, ఇప్పుడు దగ్గరైతే రేపు ఏదైనా జరిగితే తట్టుకోలేనేమో అని. అందుకే కొందరు పేరు పెట్టడానికి వెనకాడతారు, ఫొటో తీయరు, కడుపు ఖాళీ అయింది గానీ బిడ్డ పుట్టినట్టు లేదంటారు. నాకు మొదటి పది రోజులూ అలాగే ఉంది. పదకొండో రోజు ఒక సిస్టర్ నాచేత డయపర్ మార్పించింది. నా బొటనవేలంత పాదంతో పాప నా చేతిని తన్నింది, అప్పుడు అనిపించింది ఇది నా పిల్ల అని. కొందరికి ఇంటికి వచ్చాక గానీ అనిపించదు. అలా ఆలస్యంగా మొదలైన బంధాలు ఏమాత్రం తక్కువ కాకపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

నేను చేసిన ఏదో పొరపాటు వల్లే ఇలా జరిగిందా?

మెట్లు ఎక్కడం, ప్రయాణం చేయడం, ఉద్యోగం మానకపోవడం, ఆ రోజు భర్తతో గొడవపడడం... రాత్రి రెండింటికి మనసు ఇలా ఒక్కొక్కటీ తవ్వి తీస్తుంది. 37 వారాలు నిండకముందే కాన్పు కావడానికి డాక్టర్లు చెప్పే కారణాలు వేరు: ఇన్ఫెక్షన్, బీపీ విపరీతంగా పెరగడం, కవలలు, గర్భాశయ ముఖద్వారం ముందే తెరుచుకోవడం, ఉమ్మనీరు ముందే పోవడం, మాయ సమస్యలు. చాలా కాన్పుల్లో కారణమే దొరకదు. పూర్తిగా మంచం మీదే పడుకుని ఉంటే నెలలు నిండని కాన్పు ఆగుతుందని కూడా రుజువు కాలేదు, కాబట్టి "ఇంకాస్త విశ్రాంతి తీసుకుని ఉంటే" అన్న మాట మిమ్మల్ని మీరు పొడుచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. 2020లో ప్రపంచంలో సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు ఇలా ముందే పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అంటే పుట్టిన ప్రతి పది మందిలో ఒకరు.

ఈ అంకె విన్నంత మాత్రాన తప్పు చేశానన్న బాధ పోదని నాకు తెలుసు. ఒక పని చేయండి. కాన్పు చేసిన డాక్టరు దగ్గర విడిగా ఒక పావుగంట అడిగి తీసుకోండి, నా విషయంలో ఏం జరిగింది, నేను చేసినదానికీ దీనికీ సంబంధం ఉందా అని సూటిగా అడగండి. ఆ జవాబు మీ కేసు షీటు చూసిన మనిషి నోటి నుంచి వింటే దాని బరువే వేరు.

ఏడుపు ఆగట్లేదు. ఇది మామూలా, డిప్రెషనా?

కాన్పయిన రెండు మూడు రోజులకు కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం చాలామంది తల్లులకు ఉంటుంది, రెండు వారాల్లోపు దానంతటదే తగ్గుతుంది. అది దాటి రోజుల తరబడి అలాగే ఉంటే, బిడ్డ కాస్త మెరుగైన రోజున కూడా మనసు రవ్వంత తేలికపడకపోతే, ఆకలి చచ్చిపోతే, ఎవరైనా కాసేపు పడుకోమని బిడ్డ బాధ్యత తీసుకున్నా నిద్ర రాకపోతే, వార్డుకు వెళ్లాలంటేనే కాళ్లు కదలకపోతే, ఇక ఓపిక పట్టి చూడొద్దు. ఎన్‌ఐసీయూ తల్లుల్లో డిప్రెషన్, ఆందోళన మిగతా తల్లుల కంటే ఎక్కువగా కనిపిస్తాయి, ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు.

కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి ఎడిన్‌బరో స్కేలు అని పది ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, 1987 నుంచి వాడుకలో ఉంది, నింపడానికి ఐదు నిమిషాలు చాలు. అది నింపితే రోగం ఖాయమైనట్టు కాదు, డాక్టరుతో మాట్లాడాలా వద్దా అన్నది తేలుతుంది. వార్డులో అడిగి తీసుకోండి. నింపేటప్పుడు బాగున్నట్టు రాయాలని మాత్రం చూడకండి. నేను మొదటిసారి అలాగే రాశాను, నెల రోజులు వృథా అయ్యాయి.

మానిటర్ మోగిన ప్రతిసారీ నా గుండె ఆగినంత పనవుతోంది.

అలారం ఎక్కువసార్లు మోగేది రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి పాదానికి చుట్టిన శాచురేషన్ తీగ జరిగినందుకో, బిడ్డ కదిలినందుకో. నెలలు నిండని పిల్లలు మధ్యమధ్య ఊపిరి తీయడం మరిచిపోతారు, 20 సెకన్లు దాటితే దాన్ని ఆప్నియా అంటారు. మెదడులో ఊపిరిని నడిపించే భాగం ఇంకా పక్వానికి రాకపోవడం వల్ల అలా అవుతుంది, వయసు పెరిగే కొద్దీ తగ్గిపోతుంది. పని తక్కువగా ఉన్న వేళ చూసి సిస్టర్‌ను మానిటర్ ముందు నిలబెట్టి, ఏ గీత ఏమిటో, ఏ అంకె ఎంత ఉండాలో, ఏ శబ్దానికి మీరు పరిగెత్తుతారు, ఏ శబ్దానికి పరిగెత్తరు అని అడగండి. ఒక సంగతి గమనించారా, అలారం మోగితే అనుభవమున్న సిస్టర్ ముందు బిడ్డ రంగు, ఛాతీ కదలిక చూస్తుంది, తర్వాతే స్క్రీన్ చూస్తుంది. మీరూ అదే అలవాటు చేసుకోండి. గంటల తరబడి అంకెల్నే చూస్తూ కూర్చుంటే బిడ్డ ముఖం చూడడం మానేస్తాం.

అంతా వాళ్లే చూసుకుంటున్నారు. నేనక్కడ ఉండి చేసేదేముంది?

నా మనసులో ఎక్కువగా ఉన్నది ఈ ప్రశ్నే. ఎన్‌ఐసీయూ తల్లిదండ్రుల టెన్షన్‌ను కొలవడానికి మార్గరెట్ మైల్స్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు 1993లో ఒక కొలమానం ప్రచురించారు. అందులో మూడు భాగాలు: ఆ గదిలోని శబ్దాలు, దృశ్యాలు ఒకటి, బిడ్డ కనిపించే తీరు ఒకటి, అమ్మగా నాన్నగా చేయాల్సింది చేయలేకపోవడం ఒకటి. ఆ కొలమానంతో చేసిన అధ్యయనాల్లో ఎక్కువగా ముందుకొచ్చింది ఈ మూడోదే. గొట్టాల కంటే, అలారాల కంటే, నా బిడ్డను ఎత్తుకోవాలంటే ఇంకొకరి అనుమతి అడగాల్సి రావడమే ఎక్కువ కోస్తుంది. కాబట్టి మనసు కుదుటపడాలంటే ధైర్యం చెప్పడం సరిపోదు, చేతికి పని ఇవ్వాలి. మీరు అక్కడ చూడ్డానికి వచ్చినవాళ్లు కాదు, బిడ్డ అమ్మానాన్నలు.

చేయగలిగినవి చాలా ఉన్నాయి. చేతులు శుభ్రంగా కడుక్కుని, ఒక అరచేయి బిడ్డ తల మీద, ఇంకోటి ముడుచుకున్న కాళ్ల దగ్గర ఆనించి కదపకుండా అలా ఉంచండి. నిమరొద్దు, తట్టొద్దు, మరీ చిన్న పిల్లలకు అది తట్టుకోలేనంత ఎక్కువవుతుంది, కదలని చేయే హాయి. మెల్లగా మాట్లాడండి, ఆ గొంతు కడుపులో ఉన్నప్పుడు విన్నదే. డయపర్ మార్చడం, నోరు తడపడం, జ్వరం చూడడం, గొట్టంలో పాలు వెళ్తుంటే సిరంజి పట్టుకోవడం, ఇవన్నీ నేర్పమని అడగండి. ఏ వేళకు చేస్తారో తెలుసుకుని ఆ వేళకు అక్కడ ఉండండి.

ఇది ఊరికే ఊరట కోసం చెప్పడం లేదు. తల్లిదండ్రులు రోజుకు కనీసం ఆరు గంటలు ఉండి బిడ్డ పనుల్లో పాలుపంచుకునే పద్ధతిని కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల్లోని 26 ఎన్‌ఐసీయూల్లో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల బరువు మెరుగ్గా పెరిగింది, తల్లిదండ్రుల ఒత్తిడి, ఆందోళన తగ్గాయి. అంతకుముందే, 2006లో, అమెరికాలో బెర్నడెట్ మెల్నిక్ బృందం ఇంకో పద్ధతి పరీక్షించింది. నెలలు నిండని బిడ్డ ఎలా ప్రవర్తిస్తుంది, మీరేం చేయొచ్చు అని తల్లిదండ్రులకు విడమరిచి చెప్పి చేయిస్తే తల్లుల్లో డిప్రెషన్ తగ్గింది, పిల్లలు సుమారు నాలుగు రోజులు ముందే ఎన్‌ఐసీయూ నుంచి బయటపడ్డారు. మీ వార్డులో లోపలికి రానిచ్చే సమయం తక్కువైతే, ఇంకొంచెం ఇవ్వమని మర్యాదగా, మళ్లీ మళ్లీ అడగండి.

కంగారూ కేర్ చేయమంటున్నారు. గొట్టాలు ఊడిపోతాయేమోనని భయం.

మొదటిసారి అందరికీ ఉంటుంది. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు పిల్లల్ని తల్లుల ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచడం మొదలుపెట్టాడు, అక్కడి నుంచి లోకమంతా పాకింది. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో కిలో నుంచి కిలో 800 గ్రాముల లోపు పిల్లల మీద జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెడితే మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీలైనంత త్వరగా మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంది. మీ బిడ్డకు ఎప్పుడు, ఎంతసేపు అన్నది వార్డు డాక్టరు చెబుతారు. గొట్టాల సంగతి సిస్టర్ చూసుకుంటుంది, మీరు వెనక్కి వాలి కూర్చుని ఊపిరి తీసుకుంటూ ఉంటే చాలు. నాన్నలు కూడా చేయొచ్చు, చేయాలి.

పాలు రావట్లేదు. అదీ చేయలేకపోతున్నాననిపిస్తోంది.

మొదటి రెండు రోజులు చుక్కలే వస్తాయి, ఆ చుక్కలే ఆ బిడ్డకు ఎక్కువ. రోజుకు 8 సార్లకు తగ్గకుండా పిండుతూ ఉంటే పెరుగుతాయి. విపరీతమైన టెన్షన్‌లో పాలు దిగడం ఆలస్యమవుతుంది, అందుకే బిడ్డ పక్కన కూర్చునో, బిడ్డ ఫొటో చూస్తూనో, కంగారూ కేర్ అయిన వెంటనేనో పిండితే మేలు. ఎంత చేసినా సరిపోకపోతే దాత పాలు, డబ్బా పాలు ఏవి వాడాలో డాక్టర్లు చూసుకుంటారు. సీసా మీద మిల్లీలీటర్ల గీతను మీ మార్కుల కాగితంలా చూడకండి.

నేను నాన్నను. ఆమె ముందు ధైర్యంగా ఉండాలి కదా, నా సంగతెందుకు?

ఎందుకంటే మీ భార్య ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నప్పుడు ఇంక్యుబేటర్ వెనకాల పరిగెత్తింది మీరు, సంతకాలు పెట్టింది మీరు, ఆమెకు ఏం చెప్పాలో ఏం దాచాలో ఒంటరిగా తేల్చుకుంది మీరు. బిడ్డ పుట్టాక డిప్రెషన్ తండ్రుల్లోనూ దాదాపు పది మందిలో ఒకరికి వస్తుంది. ఏడుపులా కనిపించకపోవచ్చు. కోపంగా, మౌనంగా, పనిలో మునిగిపోవడంగా, తాగుడుగా కనిపిస్తుంది. నాకు తెలిసిన ఒకాయన రోజూ వార్డు దాకా వచ్చి, బండి దిగకుండా పది నిమిషాలు అలాగే కూర్చుని వెనక్కి వెళ్లిపోయేవాడు. ఇంట్లోవాళ్లు బాధ్యత లేదన్నారు. అది భయం. వార్డులో ఎవరైనా తల్లి గురించి మాత్రమే అడుగుతుంటే, నాకూ మాట్లాడాలని ఉందని చెప్పండి.

మేమిద్దరం చిన్నచిన్న వాటికి గొడవపడుతున్నాం.

ఒకరికి మాట్లాడితే గానీ తేలిక కాదు, ఇంకొకరికి మాట్లాడితే భయం పెరుగుతుంది. ఒకరు చెడు జరుగుతుందని సిద్ధపడుతుంటారు, ఒకరు మంచే జరుగుతుందని పట్టుబడుతుంటారు, ఎదుటివాళ్లకు బిడ్డ మీద ప్రేమ లేదేమోనని ఇద్దరికీ అనుమానం. రోజుకు ఒక్కసారి, పావుగంట, ఇవాళ నాకు ఎక్కువ భయమేసింది ఇది అని చెరొక మాట చెప్పుకోండి. సలహా వద్దు, వినడమే.

డాక్టరు చెప్పేది సగం బుర్రకెక్కట్లేదు.

భయంలో ఉన్న మెదడు కొత్త మాటల్ని పట్టుకోలేదు, అందులో మీ తెలివితక్కువేమీ లేదు. చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి, ఇద్దరూ కలిసి వినండి, విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి "నాకు ఇలా అర్థమైంది, సరేనా" అని అడగండి. నాకు పనికొచ్చిన మూడు ప్రశ్నలు: నిన్నటికంటే ఇవాళ ఎలా ఉంది, ఇవాళ మీరు దేన్ని గమనిస్తున్నారు, నేనేం చేయగలను? అర్ధరాత్రి ఫోన్లో వెతకడం మానండి, అక్కడ దొరికేది మీ బిడ్డ కథ కాదు. ఇవాళ బాగుంది, రేపు మళ్లీ ఆక్సిజన్ పెట్టారు, ఎల్లుండి తీశారు, ఇలా ముందుకీ వెనక్కీ నడవడం ఈ పిల్లల దారిలో మామూలే. అందుకే ఒక్కరోజు రిపోర్టు మీద మనసు మొత్తం ఆనించొద్దు.

బంధువుల ఫోన్లతో ప్రాణం విసిగిపోతోంది.

ఎవరైనా ఒక్కరికి ఆ బాధ్యత అప్పగించండి, అందరూ వాళ్లనే అడుగుతారు. "ఇంకా ఇంటికి రాలేదా", "అంత తక్కువ బరువైతే కష్టమే" అనేవాళ్ల ఫోన్ ఎత్తకపోవడం అమర్యాద కాదు. ఇది చదువుతున్న బంధువులకు ఒక మాట: బరువు అడగకండి, పేరు అడగండి. పని ఏదైనా చేసిపెట్టండి.

ఇంట్లో పెద్ద బాబుకు ఏం చెప్పాలి?

నిజమే చెప్పండి, వాడి వయసుకు తగ్గట్టు. చెల్లి తొందరగా పుట్టింది, ఊపిరి తీయడం నేర్చుకుంటోంది, డాక్టర్లు సాయం చేస్తున్నారు. నువ్వు చేసినదాని వల్ల, అనుకున్నదాని వల్ల ఇలా కాలేదని తప్పకుండా చెప్పండి, చిన్న పిల్లలు లోపల అలాగే అనుకుంటారు. వాడు వేసిన బొమ్మ ఒకటి ఇంక్యుబేటర్ దగ్గర అంటించమని సిస్టర్‌ను అడగండి.

కౌన్సెలర్ దగ్గరకు వెళితే పిచ్చి అనుకోరా? అసలు ఎవరిని కలవాలి?

కాలు విరిగినవాళ్లను ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. అమెరికాలోని నేషనల్ పెరినేటల్ అసోసియేషన్ 2015లో ఎన్‌ఐసీయూ తల్లిదండ్రుల కోసం సిఫార్సులు విడుదల చేసింది. మనసుకు సాయం ఇబ్బంది పడుతున్న కొందరికి కాదు, ఆ వార్డులో అడుగుపెట్టిన ప్రతి కుటుంబానికీ అందాలని, అవసరాన్ని బట్టి దాని స్థాయి పెంచాలని దాని సారాంశం. నా నమ్మకమూ అదే.

వార్డులో కౌన్సెలర్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉన్నారేమో మొదట అడగండి. లేకపోతే కాన్పు చేసిన డాక్టరుకు చెప్పండి, వాళ్లు సైకాలజిస్టు దగ్గరకో సైకియాట్రిస్టు దగ్గరకో పంపుతారు. సైకాలజిస్టు మాటలతో, ఆలోచనల్ని సరిచేసుకునే పద్ధతులతో సాయం చేస్తారు, మందులు రాసేది సైకియాట్రిస్టు. పాలిచ్చే తల్లులకు వాడదగ్గ మందులు ఉన్నాయి, ఉదాహరణకు సెర్ట్రలిన్ పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది, కానీ బిడ్డ నెలలు నిండనిదని చెప్పి, పిల్లల డాక్టరుకూ తెలిపి మొదలుపెట్టాలి. సొంతంగా వాడొద్దు, సొంతంగా ఆపొద్దు. ఇక ఇదే వార్డు దాటి వెళ్లిన ఒక తల్లితోనో తండ్రితోనో మాట్లాడించమని అడగండి. నాకు అందరికంటే ఎక్కువ ఊపిరి పోసింది అలాంటి ఒకావిడే, ఆమె నాకు ధైర్యం చెప్పలేదు, పక్కన కూర్చుని "నాకూ ఇలాగే ఉండేది" అంది, అంతే.

ఒక్క రోజు కూడా ఆగకూడని లక్షణాలు ఏవి?

చచ్చిపోవాలనిపించడం, నేను లేకపోతేనే అందరికీ మంచిదనిపించడం, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన మీద మనసు నిలిచిపోవడం. అలాగే రెండు మూడు రోజులు నిద్రే లేకుండా విపరీతమైన హుషారు, లేనివి వినిపించడం, బిడ్డను మార్చేశారన్నంత గట్టి అనుమానాలు, మాట పొంతన లేకపోవడం. ఈ రెండో రకం వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది, నయమవుతుంది, కానీ అది ఎమర్జెన్సీ. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీకే అలా అనిపిస్తుంటే, ఈ పేజీ మూసి పక్కనున్న మనిషికి ఇప్పుడే చెప్పండి.

బిడ్డ దక్కదంటే?

ఈ ప్రశ్న దాటేయలేను. బిడ్డను ఎత్తుకోవచ్చా, చర్మానికి చర్మం ఆనించుకోవచ్చా, ఎవరెవరు రావచ్చు అని అడగండి, చాలా వార్డులు ఒప్పుకుంటాయి. పాదముద్ర, ఒక ఫొటో, చేతికి కట్టిన పేరు పట్టీ తీసుకోండి, ఇప్పుడు చూడలేకపోతే ఎవరి దగ్గరైనా దాచిపెట్టండి. ఎత్తుకోవడం వద్దనిపిస్తే అదీ మీ ఇష్టమే. తర్వాత రోజుల్లో పాలు వస్తూనే ఉంటాయి, ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పక తల్లులు కుప్పకూలిపోతారు, ఎలా ఆపుకోవాలో సిస్టర్‌ను అడగండి. బిడ్డ పేరు పలకడానికి చుట్టూ ఉన్నవాళ్లు భయపడకూడదు.

డిశ్చార్జి అన్నారు. సంతోషం బదులు గుండెల్లో రాయి పడింది.

మానిటర్ లేకుండా నిద్రపోతున్న బిడ్డను చూడడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. వెళ్లే ముందు ఒకటి రెండు రాత్రులు ఆసుపత్రిలోనే బిడ్డతో ఒక గదిలో ఉండనిస్తారేమో అడగండి. ఏ లక్షణం కనిపిస్తే పరిగెత్తాలో కాగితం మీద రాయించుకోండి. బిడ్డ ఎదుగుదలను పుట్టిన తేదీతో కాదు, పుట్టాల్సిన తేదీతో లెక్కేయండి, రెండేళ్ల దాకా అలాగే చూస్తారు, సగం పోలికల బాధ అక్కడే తగ్గిపోతుంది.

ఇంటికి వచ్చాక, అంతా కుదుటపడ్డాక, అప్పుడు కూలిపోయేవాళ్లు చాలామంది. యుద్ధం జరుగుతున్నంతసేపూ నిలబడ్డ మనసు ఇప్పుడు కూర్చుంటుంది. ఏదో యంత్రం బీప్ మంటే ఒళ్లు జలదరించడం, ఆ గది కలలోకి రావడం, ఆసుపత్రి దారిలో వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే దానికి పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం మనసులో మిగిల్చే గాయం) అన్న పేరుంది, మంచి చికిత్స ఉంది. బిడ్డ బాగానే ఉన్నా ఏళ్ల తరబడి గాజుబొమ్మలా చూస్తూ, తుమ్మినా డాక్టరు దగ్గరకు పరిగెత్తడం గురించి కూడా 1964లోనే గ్రీన్, సాల్నిట్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన బిడ్డ విషయంలో తల్లిదండ్రుల భయం వెనకబడిపోవడానికి టైమ్ పడుతుంది, అది పోకుండా నిలిచిపోతే పిల్లల ఎదుగుదలకే అడ్డు. ఫాలోఅప్‌కు వెళ్లినప్పుడు బిడ్డ బరువుతో పాటు మీ నిద్ర సంగతీ చెప్పండి.

ఏడాది దాటింది. పుట్టినరోజు దగ్గరపడుతుంటే ఎందుకు ఏడుపొస్తోంది?

అందరికీ అది పుట్టినరోజు, మీకు ఆ రాత్రి కూడా. ఒంటికి తేదీలు గుర్తుంటాయి. మా ఇంట్లో ఇప్పటికీ రెండు తేదీలు ఉన్నాయి, పాప పుట్టిన రోజు, పాప ఇంటికి వచ్చిన రోజు. మొదటిదానికి ముందు రోజు మేమిద్దరం సెలవు పెట్టుకుంటాం, ఏమీ చేయం, ఆ నోటు పుస్తకం తీసి కాసేపు చదువుకుంటాం. కొన్నేళ్లు ఏడ్చాం, పోయిన ఏడాది పాప వచ్చి మధ్యలో కూర్చుని, అందులో తన బరువులు చదివి వినిపించమంది.